అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో ప్రత్యేక విద్య: తెలుగు తల్లిదండ్రులకు అడుగడుగు మార్గదర్శి

అమెరికాలో బిడ్డకు మాట ఆలస్యమైనా, చదువు అందకపోయినా, తరగతిలో కుదురు లేకపోయినా మన తల్లిదండ్రులు ముందుగా పిల్లల వైద్యుణ్ణి అడుగుతారు, ఆ తరువాత ఇన్సూరెన్సు కంపెనీని అడుగుతారు, స్కూలును మాత్రం చిట్టచివర అడుగుతారు. చట్టం అసలైన బాధ్యతను మోపింది ఆ చివరి చోటు మీదే. 1975 నవంబరు 29న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో మొదలై, 1990లో పేరు మార్చుకుని, 2004లో సవరణలు పొందిన ఈ చట్టాన్ని (ఇండివిడ్యువల్స్ విత్ డిసెబిలిటీస్ ఎడ్యుకేషన్ యాక్ట్) ఇప్పుడు అందరూ ‘ఐడియా’ అంటారు. వైకల్యం వల్ల ప్రత్యేక బోధన అవసరమైన ప్రతి బిడ్డకూ ఉచితమైన, తగిన విద్యను ప్రభుత్వ పాఠశాల వ్యవస్థే అందించాలన్నది దాని సారాంశం. ఇందుకు పౌరసత్వం గాని, వీసా రకం గాని, తల్లిదండ్రుల ఆదాయం గాని షరతు కాదు.

ఈ హక్కులు కాగితం మీద ఎంత బలంగా ఉన్నా, వాటిని కదిలించేది తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడిగిన అభ్యర్థనే. టీచరుతో గేటు దగ్గర మాట్లాడిన మాటకు చట్టం దృష్టిలో గడువంటూ ఉండదు. తేదీ వేసి పంపిన ఉత్తరానికి జవాబు చెప్పక తప్పదు. కింద చెప్పబోయే అడుగులన్నిటిలోనూ ఈ తేడా కనిపిస్తూనే ఉంటుంది.

మూడేళ్ల లోపు పిల్లలైతే

పుట్టినప్పటి నుంచి మూడో పుట్టినరోజు వరకు సేవలను స్కూలు కాకుండా, రాష్ట్రం నడిపే ‘ఎర్లీ ఇంటర్వెన్షన్’ వ్యవస్థ చూస్తుంది. టెక్సస్‌లో దీన్ని ‘ఈ.సి.ఐ.’ అంటారు, కాలిఫోర్నియాలో ఎక్కువగా రీజినల్ సెంటర్ల ద్వారా నడుస్తుంది. వైద్యుడి చీటీ అక్కరలేదు, తల్లిదండ్రులే నేరుగా ఫోన్ చేసి పిలవవచ్చు. పిలిచిన రోజు నుంచి 45 రోజుల్లోగా పరీక్షలు పూర్తి చేసి, కుటుంబంతో మొదటి ప్రణాళికా సమావేశం జరపాలి. పరీక్షలకు రుసుము ఉండదు గాని, ఆ తరువాతి కొన్ని సేవలకు ఆదాయాన్ని బట్టి కొంత వసూలు చేసే రాష్ట్రాలు ఉన్నాయి.

రెండున్నరేళ్లు దాటగానే అడగవలసిన విషయం ఒకటుంది. స్కూల్ డిస్ట్రిక్ట్‌కు, అంటే మీ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలను నడిపే సంస్థకు, బదిలీ చేసే సమావేశం మూడో పుట్టినరోజుకు కనీసం 90 రోజుల ముందు జరగాలి, అర్హత తేలిన బిడ్డకు ఆ పుట్టినరోజు నాటికే స్కూలు ప్రణాళిక సిద్ధంగా ఉండాలి. వేసవిలో పుట్టిన పిల్లల విషయంలో, స్కూళ్లు మూసి ఉన్నాయన్న సాకుతో, ఇది తరచుగా జారిపోతుంది. ఆ సాకు చట్టంలో లేదు.

మొదటి అడుగు: మూల్యాంకనం కోరుతూ ఉత్తరం

మూడేళ్లు నిండిన బిడ్డకు మీ ఇంటి చిరునామా ఏ డిస్ట్రిక్ట్‌లోకి వస్తే ఆ డిస్ట్రిక్ట్‌కే రాయాలి. బిడ్డ ఇంకా ఏ స్కూల్లోనూ చేరకపోయినా రాయవచ్చు. ప్రైవేటు స్కూల్లో చదువుతున్న పిల్లల కోసం కూడా రాయవచ్చు గాని, వారి విషయంలో బాధ్యత ఆ ప్రైవేటు స్కూలు ఉన్న ప్రాంతపు డిస్ట్రిక్ట్‌ది. అవసరమున్న పిల్లలను వెతికి గుర్తించే బాధ్యతను చట్టం ‘చైల్డ్ ఫైండ్’ అనే పేరుతో డిస్ట్రిక్ట్‌ల మీదే పెట్టింది. ప్రైవేటు స్కూలు పిల్లలకు మూల్యాంకనం దొరికినా, తరువాతి సేవలు ప్రభుత్వ స్కూల్లో దొరికినంతగా దొరకవని మాత్రం ముందే తెలుసుకోవాలి.

ఉత్తరం ఒక పేజీ దాటనక్కరలేదు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తరగతి రాయండి. ఐడియా చట్టం కింద వైకల్యం ఉందని అనుమానం కలిగించే అన్ని రంగాల్లోనూ పూర్తి మూల్యాంకనం కోరుతున్నామని ఒక వాక్యం స్పష్టంగా రాయండి. ఆ తరువాత మీరు గమనించినవాటిని నాలుగైదు ఉదాహరణలతో వివరించండి. ‘చదువులో వెనకబడ్డాడు’ అని రాస్తే ఏమీ తేలదు. ‘మూడో తరగతిలో ఉన్నాడు, ఒకే పేజీలో ఒకే పదాన్ని మూడు సార్లు మూడు రకాలుగా చదువుతున్నాడు, ఇరవై నిమిషాల హోంవర్కుకు రెండు గంటలు పడుతోంది’ అని రాస్తే ఏ పరీక్షలు చేయాలో వాళ్లకే అర్థమవుతుంది. ప్రిన్సిపాల్‌కూ, డిస్ట్రిక్ట్ ప్రత్యేక విద్యా విభాగానికీ ఒకేసారి ఈమెయిల్ పంపి, ప్రతిని దాచుకోండి.

అప్పుడు డిస్ట్రిక్ట్ ముందు రెండే దారులుంటాయి. మూల్యాంకనానికి సిద్ధమై మీ సమ్మతి అడగాలి, లేదా ఎందుకు చేయడం లేదో కారణాలతో ‘ప్రయర్ రిటెన్ నోటీస్’ (ముందస్తు రాతపూర్వక నోటీసు) ఇవ్వాలి. కాలిఫోర్నియాలో మూల్యాంకన ప్రణాళికను 15 రోజుల్లో మీకు పంపాలి, టెక్సస్‌లో 15 పాఠశాల పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. మీరు సమ్మతి పత్రం మీద సంతకం చేసిన రోజు నుంచి మూల్యాంకనం పూర్తికావడానికి కేంద్ర చట్టం 60 రోజులు ఇచ్చింది, రాష్ట్రం తన సొంత గడువు పెట్టుకుంటే అదే వర్తిస్తుంది. టెక్సస్‌లో అది 45 పాఠశాల పనిదినాలు. లెక్క మొదలయ్యేది సంతకం నుంచి కాబట్టి, సమ్మతి పత్రాన్ని బల్ల మీద వారం రోజులు ఉంచితే ఆ వారం మీ బిడ్డదే పోతుంది.

ఈ దశలో తరచుగా వినిపించే మాటలు రెండు. ‘ముందు చిన్న గుంపులో కొన్నాళ్లు అదనపు సాయం చేసి చూద్దాం’ అనేది ఒకటి. ఆ సాయం మంచిదే, కాదనకండి, కానీ దాని పేరుతో మూల్యాంకనాన్ని వాయిదా వేయడానికి గాని నిరాకరించడానికి గాని వీల్లేదని కేంద్ర విద్యాశాఖ ప్రత్యేక విద్యా విభాగం 2011 జనవరిలోనే రాష్ట్రాలకు స్పష్టం చేసింది. ‘ఇంట్లో వేరే భాష కదా, ఇంగ్లీషు వచ్చేదాకా ఆగుదాం’ అనేది రెండోది. రెండు భాషలు వినడం వల్ల భాషా వైకల్యం రాదు. తెలుగులోనూ మాట రాని బిడ్డకు ఇంగ్లీషు కోసం ఆగడంలో అర్థం లేదు. ఈ సందర్భంలోనే ఎవరైనా ఇంట్లో తెలుగు మానేయమని సలహా ఇస్తే, అమ్మమ్మతో, నాన్నతో బిడ్డకున్న సంభాషణను తెంచుకోవడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం.

రెండో అడుగు: పరీక్షలు జరిగేటప్పుడు

ఒకే పరీక్ష మీద ఆధారపడి అర్హత తేల్చకూడదు. బుద్ధిశక్తి, చదువు, మాట, వినికిడి, చూపు, చేతి పనితనం, ప్రవర్తన వంటివాటిలో అనుమానం ఉన్న ప్రతి రంగాన్నీ చూడాలి. బిడ్డకు బాగా వచ్చిన భాషలోనే, వీలైనంతవరకు, పరీక్షించాలి. తెలుగు తెలిసిన స్పీచ్ థెరపిస్టు దొరకడం అరుదు కాబట్టి దుబాసీ సాయంతో చేస్తారు. ఆ సమయంలో మీరు చెప్పవలసిన విషయాలు కొన్ని ఉంటాయి. ఇంగ్లీషులోని రెండు రకాల ‘వ’లకూ తెలుగులో ఉన్నది ఒకే అక్షరం కాబట్టి, తెలుగు ఇంట పెరిగిన బిడ్డ ఆ రెంటినీ ఒకేలా పలికితే అది భాషాభేదమే గాని ఉచ్చారణ లోపం కాదు. వయసుకు తగ్గట్టు తెలుగులో వాక్యాలు కడుతున్నాడా, కథ వరుసగా చెప్పగలుగుతున్నాడా అన్నది మీకే తెలుస్తుంది. దాన్ని రాసి ఇవ్వండి.

నివేదిక ప్రతిని సమావేశానికి కొన్ని రోజుల ముందే పంపమని ఈమెయిల్‌లో అడగండి. అక్కడి అంకెలను చదవడంలో మనవాళ్లు ఎక్కువగా తడబడేది ‘పర్సెంటైల్’ దగ్గర. 16వ పర్సెంటైల్ అంటే నూటికి పదహారు మార్కులు కాదు. అదే వయసు పిల్లలు వంద మందిలో పదహారు మంది ఈ బిడ్డతో సమానంగానో తక్కువగానో చేశారని దాని అర్థం. ‘స్టాండర్డ్ స్కోర్’ సగటు 100, పైకీ కిందికీ 15 చొప్పున దూరం కొలుస్తారు కాబట్టి 85 వస్తే అది 16వ పర్సెంటైల్ అవుతుంది, 70 వస్తే అది 2వ పర్సెంటైల్ అవుతుంది. చిన్న ఉపపరీక్షలకు సగటు 10, దూరం 3 ఉంటుంది.

మొత్తం స్కోరు ఒక్కటే చూసి తృప్తిపడకండి. మాటలతో ఆలోచించే శక్తిలో 118, పని చేసే వేగంలో 78 వచ్చిన బిడ్డకు సగటు తీస్తే మామూలుగానే కనిపిస్తుంది. ఆ నలభై అంకెల లోయలోనే వాడి కష్టమంతా దాగి ఉంటుంది, తరగతిలో మాత్రం దాన్ని ‘తెలివైనవాడే, బద్ధకం’ అని పిలుస్తుంటారు.

నివేదికతో మీరు ఏకీభవించకపోతే, బయటి నిపుణుడి చేత స్వతంత్ర మూల్యాంకనాన్ని డిస్ట్రిక్ట్ ఖర్చుతో చేయించమని రాతపూర్వకంగా కోరవచ్చు. డిస్ట్రిక్ట్ దానికి డబ్బు చెల్లించాలి, లేదా తన మూల్యాంకనం సరైనదేనని నిరూపించుకోవడానికి తానే విచారణాధికారి ముందుకు వెళ్లాలి. ఊరికే కాదని చెప్పి ఊరుకోవడానికి లేదు.

మూడో అడుగు: అర్హత

ఇక్కడ రెండు ప్రశ్నలు వస్తాయి. చట్టంలో చెప్పిన 13 వర్గాల్లో ఏదో ఒకదానిలో బిడ్డ వస్తాడా? దానివల్ల అతనికి ప్రత్యేక బోధన అవసరమా? ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మాట లేదా భాషా వైకల్యం, బుద్ధిమాంద్యం, వినికిడి లోపం, చూపు లోపం వంటివి ఆ వర్గాల్లో కొన్ని. ఏకాగ్రతా లోపం ఉన్న పిల్లలు సాధారణంగా ‘ఇతర ఆరోగ్య సమస్యలు’ అనే వర్గంలోకి వస్తారు. మూడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య పిల్లలకు ‘డెవలప్‌మెంటల్ డిలే’ (ఎదుగుదలలో ఆలస్యం) అనే వర్గాన్ని రాష్ట్రాలు వాడుకోవచ్చు.

రెండో ప్రశ్నను చాలామంది మరచిపోతారు. వైద్యుడు ఆటిజం అని రాసి ఇచ్చినంత మాత్రాన స్కూలు అర్హత దానంతటదే రాదు, చదువు మీద దాని ప్రభావం కూడా చూపాలి. చదువంటే మార్కులు మాత్రమే కాదు. పై తరగతికి పాసవుతున్న పిల్లలకు కూడా అర్హత ఉండవచ్చని నిబంధనలే చెబుతున్నాయి. రాత్రి పదకొండింటి దాకా తల్లి పక్కన కూర్చుని చదివించడం వల్ల వచ్చిన మంచి గ్రేడును చూపి ‘మీ అమ్మాయికి ఏ ఇబ్బందీ లేదు’ అంటే, ఆ గ్రేడు వెనుక ఎన్ని గంటల శ్రమ ఉందో మీరే చెప్పాలి. మనవాళ్లు ఇలాంటి చోట ఇంటి గుట్టు అనుకుని ఊరుకుంటారు, నష్టపోయేది పిల్లలే.

ప్రత్యేక బోధన అక్కరలేదు గాని సదుపాయాలు కావాలంటే 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ ఉంది. పరీక్షకు అదనపు సమయం, ముందు బెంచీలో చోటు, మందు వేసుకోవడానికి వీలు వంటివి దాని కింద వస్తాయి. అడగడం తేలికే, కానీ దాని వెనుక ఉన్న రక్షణలు ఐడియా అంత గట్టివి కావు.

నాలుగో అడుగు: ఐ.ఈ.పి. సమావేశం

అర్హత తేలిన 30 రోజుల్లోగా బిడ్డకు సంబంధించిన వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అంటే ఐ.ఈ.పి., తయారుచేసే సమావేశం జరగాలి. టెక్సస్‌లో దీన్ని ‘ఆర్డ్’ సమావేశం అంటారు, న్యూయార్క్‌లో ‘సి.ఎస్.ఈ.’ కమిటీ, న్యూజెర్సీలో ‘చైల్డ్ స్టడీ టీమ్’ అనే మాటలు వింటారు. మామూలు తరగతి ఉపాధ్యాయులు ఒకరు, ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులు ఒకరు, డిస్ట్రిక్ట్ తరఫున నిర్ణయం తీసుకోగల ప్రతినిధి, పరీక్షా ఫలితాలను వివరించగల వ్యక్తి ఉండాలి. తల్లిదండ్రులు ఆ బృందంలో సభ్యులు. ‘పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు, మీరెలా చెబితే అలా’ అని నమస్కారం పెట్టి సంతకం చేసే అలవాటు మనకుంది. టీచరు మీద గౌరవం మంచి గుణమే, కాని ఈ బల్ల దగ్గర మీరు మాట్లాడకపోతే బిడ్డ గురించి రాత్రీ పగలూ తెలిసిన ఒకే ఒక గొంతు వినపడకుండా పోతుంది. బిడ్డ గురించి తెలిసిన మరెవరినైనా వెంట తీసుకుని వెళ్లవచ్చు. తెలుగు దుబాసీ కావాలంటే ముందుగా రాయండి, ఖర్చు డిస్ట్రిక్ట్‌దే. ఇంగ్లీషు బాగా వచ్చినా, తాతయ్యో అమ్మమ్మో కూడా కూర్చునే ఇంట్లో ఇది పనికొస్తుంది.

పత్రంలో మొదట ఉండేది బిడ్డ ప్రస్తుత స్థాయి. అది అస్పష్టంగా ఉంటే తక్కిన పేజీలన్నీ గాలిలో నిలుస్తాయి. తరువాత వచ్చేవి ఏడాది లక్ష్యాలు. ‘చదవడంలో మెరుగుపడుతుంది’ అన్నది లక్ష్యం కాదు, ఆశీర్వచనం. ‘ముందెన్నడూ చూడని రెండో తరగతి స్థాయి పేరాను మే నెల నాటికి నిమిషానికి 80 పదాల వేగంతో, అయిదు తప్పులకు మించకుండా, వరుసగా మూడు సార్లు చదువుతుంది’ అంటే అది లక్ష్యం. ఎవరు, ఎప్పుడు, దేనితో కొలుస్తారో కూడా రాయించండి.

సేవల పేజీలో నిమిషాలు చూడండి. ‘అవసరాన్ని బట్టి స్పీచ్ థెరపీ’ అని ఉంటే ఒప్పుకోకండి. వారానికి రెండు సార్లు, సారికి 30 నిమిషాలు, ఒక్కరికా గుంపులోనా, తరగతి గదిలోనా బయటా, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది ఉండాలి. రవాణా అవసరమైతే బస్సు కూడా ఇక్కడే రావాలి. వేసవి సెలవుల్లో నేర్చుకున్నది పోగొట్టుకునే పిల్లలకు సెలవుల్లోనూ సేవలు ఇవ్వాలా అన్న ప్రశ్న ఉంటుంది, అది వసంతంలోనే అడగాలి.

బిడ్డ మామూలు పిల్లల మధ్య ఎంతసేపు ఉంటాడన్నది మరో కీలకమైన పేజీ. అదనపు సాయం ఇచ్చినా మామూలు తరగతిలో నెగ్గుకురాలేని పరిస్థితిలోనే వేరే గదికి పంపాలన్నది చట్టం నియమం. వేరు గది ఎప్పుడూ చెడ్డదని నేననను, కొందరు పిల్లలకు ఆ నిశ్శబ్దమే కావాలి. కానీ ‘ఈ వర్గం పిల్లలందరూ ఆ గదిలోనే’ అనే జవాబు చెల్లదు.

ప్రణాళిక ఎంత గట్టిగా ఉండాలన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2017లో ఎండ్రూ ఎఫ్. కేసులో జవాబిచ్చింది. కొలరాడోలో ఆటిజం ఉన్న ఒక బాలుడి తరఫున వచ్చిన ఆ కేసులో, నామమాత్రపు ప్రగతి సరిపోదనీ, బిడ్డ పరిస్థితులను బట్టి తగిన ప్రగతి సాధించేలా ప్రణాళిక ఉండాలనీ ఏకగ్రీవంగా తీర్పు వచ్చింది. గతేడాది లక్ష్యాలనే తేదీలు మార్చి మళ్లీ మీ ముందు పెడితే ఈ తీర్పు గుర్తుచేయండి.

సంతకం విషయంలో తొందర వద్దు. హాజరైనట్టు చేసే సంతకం వేరు, అంగీకరించినట్టు చేసే సంతకం వేరు. పత్రాన్ని ఇంటికి తీసుకెళ్లి చదివి చెబుతామనడం మర్యాదలోపం కాదు. మొదటిసారి సేవలు మొదలుపెట్టడానికి మీ సమ్మతి తప్పనిసరి. కాలిఫోర్నియాలో ఒప్పుకున్న భాగాలకు మాత్రమే సమ్మతి ఇచ్చి తక్కినవి చర్చకు ఉంచవచ్చు. టెక్సస్‌లో ఏకాభిప్రాయం కుదరకపోతే 10 పాఠశాల దినాల విరామం తీసుకుని మళ్లీ కూర్చోవచ్చు.

అయిదో అడుగు: ఏడాది పొడవునా

ప్రణాళికను ఏడాదికోసారైనా సమీక్షించాలి, మూల్యాంకనాన్ని మూడేళ్లకోసారైనా మళ్లీ చేయాలి, మీరు మధ్యలో ఎప్పుడైనా సమావేశం కోరవచ్చు. ఒక ఫైలు పెట్టుకుని నివేదికలు, ఈమెయిళ్లు, బిడ్డ రాతపనుల నమూనాలు తేదీల వారీగా పెట్టండి. ప్రతి ఫోన్ సంభాషణ తరువాత ‘ఇవాళ మనం అనుకున్నది ఇది’ అని రెండు వాక్యాల ఈమెయిల్ పంపే అలవాటు చేసుకోండి. స్కూలు రికార్డులు చూడాలని అడిగితే గరిష్ఠంగా 45 రోజుల్లో చూపించాలి.

వేరే రాష్ట్రానికి మారితే పాత ప్రణాళికను చేతిలో పట్టుకుని వెళ్లండి. కొత్త డిస్ట్రిక్ట్ తన మూల్యాంకనం పూర్తిచేసుకునేదాకా దానికి సమానమైన సేవలు ఇవ్వాలి. భారతదేశం నుంచి కొత్తగా వచ్చినవారికి ఈ నియమం వర్తించదు, అక్కడి నివేదికలు ఇంగ్లీషులో ఉంటే అర్హత పరిశీలనకు మాత్రం చాలా ఉపయోగపడతాయి.

క్రమశిక్షణ పేరుతో వైకల్యం ఉన్న బిడ్డను వరుసగా 10 పాఠశాల దినాలకు మించి బయట పెట్టాలంటే, ఆ ప్రవర్తన వైకల్యం వల్ల వచ్చిందా అని ముందు సమావేశమై తేల్చాలి. ‘ఇవాళ త్వరగా తీసుకెళ్లండి’ అని వారానికి రెండుసార్లు ఫోన్ వస్తుంటే అది కూడా రాసిపెట్టుకోండి, పేరు లేని సస్పెన్షన్ లెక్కలోకి అలాగే వస్తుంది.

ఒప్పందం కుదరకపోతే

ముందు మరో సమావేశం కోరండి, చాలా తగాదాలు అక్కడే తీరతాయి. తీరకపోతే ఉచిత మధ్యవర్తిత్వం ఉంది. ప్రణాళికలో రాసిన సేవలు ఇవ్వకపోవడం వంటి స్పష్టమైన ఉల్లంఘనకు నా దృష్టిలో రాష్ట్ర విద్యాశాఖకు ఫిర్యాదు చేయడమే మేలైన దారి. అది ఉల్లంఘన జరిగిన ఏడాదిలోగా చేయాలి, 60 రోజుల్లో నిర్ణయం రావాలి, న్యాయవాది అక్కరలేదు. అర్హత, తరగతి మార్పు వంటి పెద్ద వివాదాలకు ‘డ్యూ ప్రాసెస్’ విచారణ ఉంటుంది. సాధారణంగా రెండేళ్లలోగా కోరాలి, దాదాపు కోర్టులాగే నడుస్తుంది, ఖర్చూ అలాగే ఉంటుంది. ఆ విచారణ తేలేదాకా బిడ్డ చివరగా అంగీకరించిన ప్రణాళిక ప్రకారమే ఉంటాడు, ఈ రక్షణను ‘స్టే పుట్’ అంటారు.

వీటిలో దేనికైనా ముందు మీ రాష్ట్రంలోని ‘పేరెంట్ ట్రెయినింగ్ అండ్ ఇన్ఫర్మేషన్ సెంటర్’కు ఫోన్ చేయండి. ప్రతి రాష్ట్రంలోనూ కేంద్ర నిధులతో కనీసం ఒకటి ఉంది, అక్కడ సలహా ఉచితం.

పదహారు దాటాక

పదహారేళ్లు వచ్చేసరికి, కొన్ని రాష్ట్రాల్లో పద్నాలుగుకే, చదువు తరువాతి జీవితం గురించిన లక్ష్యాలు ప్రణాళికలోకి రావాలి. ఈ లోపే అడగవలసిన ప్రశ్న, బిడ్డ ఉన్న పాఠ్యక్రమం మామూలు హైస్కూల్ డిప్లొమాకు దారితీస్తుందా లేక సర్టిఫికెట్ దగ్గర ఆగుతుందా అన్నది. చిన్న తరగతుల్లో ‘సులువు చేసిన సిలబస్’కు సరేనన్న మాట ఇక్కడికొచ్చి బరువవుతుంది. మామూలు డిప్లొమా అందుకోగానే ఐడియా సేవలు ఆగిపోతాయి. అందుకోకపోతే చాలా రాష్ట్రాల్లో 21 లేదా 22 ఏళ్ల వరకు, మిషిగన్‌లో 26 ఏళ్ల వరకు కొనసాగుతాయి. చాలా రాష్ట్రాల్లో 18 ఏళ్లు నిండిన రోజున ఈ హక్కులన్నీ మీ నుంచి బిడ్డకు బదిలీ అవుతాయి. సొంతంగా నిర్ణయాలు తీసుకోలేని బిడ్డ విషయంలో సంరక్షకత్వం గాని, దానికన్నా తేలికైన ఇతర ఏర్పాట్లు గాని పదిహేడో ఏటనే మాట్లాడుకుని ఉంచాలి.